సీసాకి సిలబస్ తెలీదు

మన సైన్సు క్లాసుల్లో సీసాలకి క్రమశిక్షణ లేకుండా పోయింది, ఎవరూ పట్టించుకోట్లేదు కాబట్టి నేనే రాయాల్సొస్తోంది. కిటికీ పక్కన ఓ పెద్ద పచ్చడి సీసా ఉంటది చూడండి, అడుగున చెరువు మట్టి, రెండు హైడ్రిల్లా కొమ్మలు, ఓ నత్త, ఎవరి నాన్నో కొనిచ్చిన గప్పీ చేప, పైన బిగించిన మూత. దాని పేరు జలావరణ వ్యవస్థ. దాని భవిష్యత్తంతా గైడులో ముందే రాసుంది: మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, సమతుల్యం ఏర్పడింది, నిరూపించబడినది. పిల్లలు బుద్ధిమంతులు, మూత పెట్టకముందే పరిశీలనలన్నీ ఫెయిర్ రికార్డులో ఎక్కించేశారు, బొమ్మకి బాణాలు కూడా స్కేలు పెట్టి గీసేశారు. ఇక సీసా చెయ్యాల్సిందల్లా రికార్డు ప్రకారం నడుచుకోవడమే.

నడుచుకోదు. సాయంత్రం స్కూలుకి తాళం పడగానే ఆ హైడ్రిల్లా పగలంతా ఇచ్చిన ఆక్సిజన్‌ని అప్పులోడిలా తిరిగి వసూలు చేసుకోడం మొదలెడతది, రాత్రి వెలుతురు ఉండదు, కిరణజన్య సంయోగక్రియ ఆగిపోద్ది, కానీ శ్వాసక్రియ ఆగదు కదా, మొక్కకీ చేపకీ నత్తకీ మట్టిలో ఉన్న బాక్టీరియాకీ అందరికీ అదే ఆక్సిజన్. చేప వదిలిన అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోడానికి వారాలు పడతది, అంతదాకా చేప ఆ విషంలోనే ఈదాలి. పాపం ఆ బాక్టీరియాకి రికార్డు బొమ్మలో ఒక్క బాణం కూడా లేదు. ఎండ ఎక్కువైతే నాచు పెరిగి నీళ్ళు పచ్చబడతయ్, ఆ నాచు చచ్చి కుళ్ళితే ఉన్న ఆక్సిజన్ కూడా అయిపోద్ది, అడుగు మట్టి నల్లబడి మూత తియ్యగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, అదే హైడ్రోజన్ సల్ఫైడ్. దానికి పక్క సెక్షన్ వాళ్ళని అనుమానిస్తారు. మొత్తం సీసాలో గాజుకి పట్టిన నాచు గీక్కుతింటూ డ్యూటీ చేసేది నత్త ఒక్కటే, దాన్ని ఎవరూ మెచ్చుకోరు.

విదేశాల్లో ఈ జాడ్యం ఇంకా పాతది. 1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ రెండు గోల్డ్‌ఫిష్‌ల్ని వాలిస్‌నేరియా మొక్కతో కలిపి పెంచితే ఆకులు కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి, ఆయన సిగ్గు లేకుండా ఆ సంగతి రాసి మరీ చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు, అవి కుళ్ళినదంతా తిని నీళ్ళు బాగుచేశాయి. మన దగ్గరైతే కొట్టివేతలున్నాయని రికార్డు వెనక్కొచ్చేది. ఇక అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అని గాలి చొరబడని అద్దాల భవనం ఒకటి, ఏకంగా మనుషులకే సీసా కట్టారు, 1991లో 8 మందిని లోపల పెట్టి తలుపులేశారు, లోపలి గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 దాకా పడిపోయింది, మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని వాడేసుకుంటుంటే, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని గోడల కాంక్రీటు పీల్చేసుకుంది. చివరికి బయటినుంచి ఆక్సిజన్ ఎక్కించారు. ఇంత హంగామా దేనికి, మన తొమ్మిదో తరగతి లీడర్‌ని పిలిచుంటే పక్కవాడి రికార్డులో చూసి 21 అనే వేసేవాడు, ఖర్చు కూడా ఉండేది కాదు.

అందుకే నా సూచన, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి వెళ్ళాకే సీసాలో నీళ్ళు పొయ్యాలి. అప్పటిదాకా ఖాళీ సీసా చాలు, లేబుల్ నీటుగా ఉంటే సరి. లేదంటే ఇదిగో ఇలాంటివి జరుగుతయ్: మొన్న ఒక పిల్ల "నీళ్ళు పచ్చగా అయినయ్, చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది" అని చూసింది చూసినట్టు రాసేసింది. సారు ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టి మళ్ళీ రాయించారు, సమతుల్యం ఏర్పడింది అని. సరైన పనే. ఆ పిల్ల నీటుగా మళ్ళీ రాసింది, రాసి, ఇంటర్వెల్లో మూత తీసి చేపని బకెట్ నీళ్ళలో వేసేసింది. దీనికి మార్కులు ఏ కాలమ్‌లో వెయ్యాలో తెలీక సారు స్టాఫ్‌రూమ్‌లో ఇంకా అడుగుతూనే ఉన్నారు.