తెలిసినవాళ్లు నోరు కట్టేసుకుంటే

పోలవరం డయాఫ్రం వాల్ ఎందుకు దెబ్బతిందో తెలుసుకుందామని యూట్యూబ్‌లో తెలుగులో వెతికి చూడండి. ‘ఉతికి ఆరేసిన’, ‘చుక్కలు చూపించిన’, ‘అడ్డంగా దొరికిపోయిన’ లాంటి మాటలతో థంబ్‌నెయిళ్లు బారులు తీరతాయి. ఒకపక్క కళ్లెర్రజేసిన నాయకుడు, ఇంకోపక్క తల పట్టుకున్న నాయకుడు, మధ్యలో ఎర్ర బాణం. అసలు గోడ మాత్రం ఎక్కడా కనపడదు.

నిజానికి అదేమీ మనకు అర్థం కాని బ్రహ్మవిద్య కాదు. అక్కడ గోదావరి అడుగున ఇసుక చాలా లోతు దాకా ఉంటుంది. పైన ఎంత పెద్ద డ్యామ్ కట్టినా కింద ఆ ఇసుకలోంచి నీళ్లు అవతలికి జారిపోతాయి. అలా పోకుండా నది అడుగు నుంచి గట్టి రాయి తగిలేదాకా దింపే కాంక్రీటు గోడే డయాఫ్రం వాల్. పొడవు దాదాపు 1.4 కిలోమీటర్లు, మందం మీటరున్నర. 2018 జూన్‌లో అది పూర్తయింది. పని జరిగే చోటికి వరద రాకుండా ఎగువన, దిగువన అడ్డుకట్టలు వేస్తారు, వాటినే కాఫర్ డ్యాములంటారు. అవి అప్పటికి పూర్తి కాలేదు. 2019లో ప్రభుత్వం మారింది, కాంట్రాక్టరూ మారాడు. కాఫర్ డ్యామ్‌లో వదిలిన ఖాళీలు అలాగే ఉండగా వరదలొచ్చాయి. విశాలంగా పారాల్సిన నది ఇరుకు సందుల్లోంచి దూకేసరికి అడుగు కోసుకుపోయింది, గోడ దెబ్బతింది. 2024లో విదేశీ నిపుణులు వచ్చి చూశాక కొత్త గోడ కట్టడమే మేలని తేలింది. 2025 జనవరిలో ఆ పని మొదలైంది.

కాఫర్ డ్యాములు లేవక ముందే గోడ కట్టడం తప్పు అని వైసీపీ అంటుంది. నడుస్తున్న పనిలో కాంట్రాక్టరును మార్చి, ఖాళీలు పూడ్చకుండా వదిలేయడం వల్లే ఇదంతా అని టీడీపీ అంటుంది. కాస్త నిదానంగా ఆలోచిస్తే ఇవి ఒకదాన్నొకటి కొట్టేసే వాదనలు కావు. పనుల వరస తప్పడమూ, తర్వాత జరిగిన జాప్యమూ కలిసే దెబ్బ తీసి ఉండొచ్చు. దేని వాటా ఎంత అన్నది లెక్కలు ముందేసుకుని తేల్చాల్సిన విషయం. ఏ నెలకు ఎంత పని అయింది, ఖాళీలు పూడ్చడానికి ఎంత టైమ్ దొరికింది, వరద ఎప్పుడు ఎంతొచ్చింది, ఇలాంటివి. కానీ ‘రెండూ కారణమే’ అన్నవాణ్ని ఇంటర్నెట్‌లో ఎవరూ వినరు. వాడు గోడ మీద పిల్లి.

మా బాబాయి ఒకరు నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. పోలవరంలో పనిచేయలేదు గానీ, నది మధ్యలో పునాదులు వేయించిన అనుభవం ఉంది. ఆయన ఒకరోజు ఫేస్‌బుక్‌లో పైన నేను చెప్పిందే ఇంకా వివరంగా, చేత్తో గీసిన బొమ్మతో సహా పెట్టారు. ఎవర్నీ తిట్టలేదు, ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. గంటలో ‘పేటీఎం పడిందా అంకుల్’ అని ఒకడు, ‘పచ్చ ఇంజినీరు దిగాడు’ అని ఇంకొకడు. మొదటిది వైసీపీ మనిషి అని, రెండోది టీడీపీ మనిషి అని ఎత్తిపొడుపు. ఒకే పోస్టుకు రెండు పార్టీల జీతమూ ఆయనే తీసుకుంటున్నాడన్నమాట! ఇంకాసేపటికి ఇంటిపేరు చూసి కులం తేల్చేశారు. సర్వీసులో ఎంత తిన్నాడో లెక్కలు కట్టారు. చివరికి కొడుకు ప్రొఫైల్‌లోంచి ఫ్యామిలీ ఫొటో తెచ్చి కామెంట్లలో పెట్టారు. రాత్రి అమెరికా నుంచి కోడలు ఫోన్. ‘మామయ్య గారూ, ఎందుకొచ్చిన గొడవ ఇది, తీసేయండి ప్లీజ్’ అంది. తీసేశారు. ఇప్పుడు ఆయన దగ్గర్నుంచి నాకు వాట్సాప్‌లో వచ్చేవి పూల బొమ్మలు, ఆరోగ్య చిట్కాలు.

ఇంటర్నెట్ వల్ల మన చర్చలకు జరిగిన నష్టం అనగానే అందరం ఫేక్ న్యూస్ అంటాం, బూతులు అంటాం. అవి ఉన్నాయి, కాదనను. అబద్ధాన్నయితే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు అబద్ధమని చూపిస్తారు. బూతు బూతేనని అందరికీ తెలుస్తుంది. తెలిసిన మనిషి ఒక్కొక్కరే తప్పుకుపోవడం మాత్రం ఎవరి కంటా పడదు. డిలీట్ చేసిన పోస్టుకు స్క్రీన్‌షాట్ కూడా మిగలదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం అదే. డ్యాముల గురించి ఇంజినీర్లు, వ్యాక్సిన్ల గురించి డాక్టర్లు, సిలబస్ గురించి టీచర్లు మాట్లాడటం మానేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు. ఏ విషయం మీదైనా పది నిమిషాలు అరవగలిగినవాళ్లు వచ్చి కూర్చుంటారు.

తెలంగాణలో మేడిగడ్డ కథా అంతే. 2023 అక్టోబర్ 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్ల మధ్య ఉండే స్తంభాలు, కుంగాయి. పోలింగ్ నవంబర్ 30న. సమయం అది కావడంతో ఫోన్లన్నీ మోగిపోయాయి. లక్ష కోట్లు గోదాట్లో కలిశాయని ఒక ఫార్వార్డ్. లక్ష కోట్లన్నది మూడు బ్యారేజీలు, పంప్‌హౌస్‌లు, సొరంగాలు, కాలువలు, రిజర్వాయర్లు అన్నీ కలిపి కాళేశ్వరం ప్రాజెక్టు మొత్తానికి చెప్పే మాట, మేడిగడ్డ ఒక్కదానికి కాదు. పోనీ అదైనా సరైన అంకెనా అంటే, ఖర్చు రూ.1.47 లక్షల కోట్లు దాటొచ్చని కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో చెప్పింది. అవతలివైపు నుంచి, రెండు పిల్లర్లు కుంగితే ప్రాజెక్టే పోయినట్టు గోల చేస్తున్నారని ఎదురు ఫార్వార్డ్. జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ ఏమందంటే, ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలున్నాయని. ఇది రెండు పిల్లర్ల సంగతి కాదు, అలాగని మొత్తం గోదాట్లో కలిసిపోయిన సంగతీ కాదు. వచ్చే సీజన్‌కు నీళ్లు ఎలా వస్తాయి, మరమ్మతు చేస్తే నిలబడుతుందా అన్నది రైతుకు కావాల్సిన జవాబు. ఆ నివేదికను విడమరిచి తెలుగులో చెప్పిన వీడియో కావాలంటే చాలా కిందికి స్క్రోల్ చేయాలి. పైనంతా ‘కడిగిపారేసిన’వే.

ఇందులో కంపెనీల వాటా చిన్నదేమీ కాదు. ఫేస్‌బుక్‌లో 2017 నుంచి కొంతకాలం పాటు కోపం ఎమోజీకి లైక్ కంటే ఐదు రెట్లు ఎక్కువ విలువ ఇచ్చారని 2021లో బయటపడిన సొంత పత్రాలే చెప్పాయి. మనకు మంటెక్కితే వాళ్లకు లాభం. ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన దాదాపు 1.26 లక్షల కథనాలను చూసి, నిజం కన్నా అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని తేల్చారు. అంతకన్నా ఇబ్బందిపెట్టే విషయం, ఆ తేడాకు కారణం రోబో అకౌంట్లు కావు, మనుషులే. కాబట్టి అంతా అల్గారిదమ్ మీద తోసేసి చేతులు దులుపుకోలేం. ఆ ‘పేటీఎం పడిందా అంకుల్’ అన్నవాడు మనిషే. బహుశా చదువుకున్నవాడే.

అలాగని ఇంటర్నెట్ రాకముందు మనం ఏదో శాంతంగా, మర్యాదగా చర్చించుకునేవాళ్లమని నేను అనను. రచ్చబండ గురించి తెగ మురిసిపోతుంటారు గానీ, ఆ బండ మీద ఎవరు కూర్చునేవాళ్లు, ఎవరు దూరంగా నిలబడేవాళ్లు అన్నది అందరికీ తెలిసిందే. తెలుగు పత్రికలు, టీవీ చానళ్లు ఏ పార్టీవి ఏవో ఫోన్లు రాకముందే జనానికి కంఠతా వచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు రోడ్ల మీద పడిపోతున్న మనుషుల్ని ప్రపంచానికి చూపించింది వీధిలోవాళ్ల ఫోన్లే. ఆ గొంతును వెనక్కి లాక్కోమని ఎవరం అనం. ఆ దుర్ఘటన మీదే ప్రశ్నలు షేర్ చేసినందుకు ఒక పెద్దావిడకు సీఐడీ నోటీసులిచ్చింది. అడిగేవాళ్లకు ట్రోల్స్ ఒకవైపు, పోలీసులు ఇంకోవైపు.

ప్రభుత్వాలకు ఈ జబ్బుకు తెలిసిన మందు అదొక్కటే. ఆన్‌లైన్ పోస్టుల మీద అరెస్టులకు వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. అయినా వేరే సెక్షన్లతో పని నడుస్తూనే ఉంది. 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తుల మీదే పోస్టులు పెట్టే దాకా వెళ్తే 49 మందికి కోర్టు ధిక్కార నోటీసులు వెళ్లాయి. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద వరసగా కేసులు, అరెస్టులు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో, ముఖ్యమంత్రిని తిట్టిన ఒక మనిషి మాటలు ప్రసారం చేశారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. వీటిలో నిజంగా నీచమైన పోస్టులు పెట్టినవాళ్లూ ఉన్నారు, ఆడవాళ్లను, పిల్లలను కూడా వదలనివాళ్లు. వాళ్ల మీద కేసు పెడితే నాకు బాధ లేదు. కాకపోతే ప్రతి అరెస్టుకూ అవతలి పార్టీ వాళ్లు టపాసులు పేల్చి, ప్రభుత్వం మారగానే అదే పని తమకు జరిగితే భావప్రకటన స్వేచ్ఛ అంటారు. ఈ మధ్యలో జడిసిపోయేది ట్రోల్ కాదు, వాడికి వెనక పార్టీ లాయర్ ఉంటాడు. జడిసేది పెన్షన్ మీద బతికే ఇంజినీరు.

పోలీసుల చేతుల్లోనే ఇంకో రకం పనీ జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చి తెలంగాణలో కూడా అమాయకుల ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపించారు. డప్పులతో, పాటలతో, ఆ మెసేజ్ ఎందుకు అబద్ధమో జనం మధ్య కూర్చుని చెప్పించారు. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వార్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక చాట్‌కే పంపేలా మార్చాక, అలాంటి ఫార్వార్డులు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పుకుంది. జైలు అక్కర్లేకపోయింది, చిన్న స్పీడ్ బ్రేకర్ సరిపోయింది. కామెంట్లకూ అలాంటిదేదో పెట్టలేరా? కొత్త అకౌంట్ తెరిచిన గంటలోనే ముక్కూమొహం తెలియని మనిషి ఫ్యామిలీ ఫొటో తెచ్చి అతికించే వీలు ఎందుకుండాలి? అది లేకపోతే ఎవరి స్వేచ్ఛా పోదు.

ఆ తర్వాతి వంతు బనకచర్ల ప్రాజెక్టుది. పోలవరం దగ్గర్నుంచి 200 టీఎంసీల వరద నీటిని రాయలసీమకు మళ్లిస్తామని ఆంధ్రప్రదేశ్ అంది, మా వాటాకు గండి కొడుతున్నారని తెలంగాణ లేచింది. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదనను వెనక్కి పంపింది. జులైలో ముఖ్యమంత్రులిద్దరూ ఢిల్లీలో కూర్చుని, నీటి సమస్యలపై ఒక కమిటీ వేసుకుందామనుకున్నారు. తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే. ఎగువ రాష్ట్రాలు తమ వాటా మొత్తం వాడుకున్నాక కూడా గోదావరిలో ఏడాదికి ఎన్ని రోజులు, ఎంత నీరు మిగులుతుంది? 1980 నాటి ట్రిబ్యునల్ తీర్పు ఉంది, ఏళ్ల తరబడి కొలిచిన ప్రవాహాల లెక్కలున్నాయి, వాటిని చదవగలిగిన ఇంజినీర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కానీ హైదరాబాద్‌లో ఉన్నాయన మిగులు ఉంటుందన్నాడా, తెలంగాణ ద్రోహి. కర్నూలులో ఉన్నాయన అంత మిగలదన్నాడా, సీమ ద్రోహి. రేపు ఆ కమిటీ ఏదో ఒక అంకె చెప్తుంది. ‘సార్, ఈ లెక్క కరెక్టేనా’ అని అడగడానికి రెండు వైపులా జనం నమ్మే మనిషి ఒక్కడైనా దొరకాలి కదా.