మా ఇంటి జెండర్ బడ్జెట్

ఈ ఏడాది నుంచి మా ఇంట్లోనూ జెండర్ బడ్జెట్ ప్రవేశపెట్టాలని నిర్ణయించాను. అంటే, పెట్టే ఖర్చులో ఆడవాళ్లకి ఎంత చేరుతోందో విడిగా లెక్క చూపించడం. ఆస్ట్రేలియా 1984లోనే మొదలెట్టింది. మన కేంద్రం 2005-06 నుంచి ఏటా లెక్క చూపిస్తోంది. మేమే వెనకబడిపోయామన్న బాధతో ఆదివారం పొద్దున్నే కేంద్ర బడ్జెట్‌లో ఆ లెక్క ఉండే 13వ ప్రకటన ముందేసుకుని కూర్చున్నాను.

పద్ధతి చాలా సులువు. నూటికి నూరుపాళ్లూ ఆడవాళ్ల కోసం పెట్టే ఖర్చు ఎ భాగంలో. కనీసం 30 శాతం వాళ్లకు చేరితే బి భాగంలో. అంతకన్నా తక్కువైతే? వదిలేయడానికి మనసొప్పక 2024-25లో సి భాగం కూడా తెరిచారు. అసలు గొప్పతనమంతా ఎ భాగంలో ఉంది. గ్రామీణ ఆవాస్ యోజన ఇళ్ల డబ్బు అందులో పడుతుంది. ఇల్లు ఆడవాళ్ల పేరునో, భార్యాభర్తలిద్దరి పేరునో ఇవ్వాలన్నది నియమం కాబట్టి. ఆ ఇంట్లో మొగుడు, మామగారు, ఇద్దరు మరుదులు ఉంటే ఉండొచ్చు, కానీ లెక్కల్లో మాత్రం వాళ్లు కాపురం ఉండరు.

ఈ కిటుకు తెలిశాక నా చెయ్యి ఆగలేదు. గ్యాస్ సిలిండర్ ఎ భాగం. పొయ్యి దగ్గర నిలబడేది ఆవిడే కదా. మిక్సీ, వాషింగ్ మెషీన్, చీపురు అన్నీ అందులోకే. మా అమ్మ మందులైతే మరీ శ్రేష్ఠం: మింగేది అమ్మ, వేళకి గుర్తుపెట్టుకుని ఇచ్చేది మా ఆవిడ, ఒకే ఖర్చుకి ఇద్దరు మహిళా లబ్ధిదారులు. నా చొక్కాల ఇస్త్రీ దగ్గర కాస్త తటపటాయించి బి లో వేశాను. టీవీ మీద దుమ్ము దులిపేది ఆవిడే కనక అది సి. అంతా కూడితే ఇంటి ఖర్చులో 71 శాతం స్త్రీ సంక్షేమానికే పోతోందని తేలింది! కేంద్రం 2025-26లో 4.49 లక్షల కోట్లు చూపించి కూడా 8.86 శాతం దగ్గరే ఆగిపోయింది. పాపం, ఎవరైనా వచ్చి అడిగితే సలహా ఇద్దామనుకుంటున్నాను.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "ఖర్చు సరే, రాబడి వైపు నా పేరు లేదేం?" అంది.

"నువ్వు ఉద్యోగం చెయ్యవు కదా" అన్నాను జాలిగా.

ఫోన్‌లో 2024 కాల వినియోగ సర్వే తీసి చూపించింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారట, మగవాళ్లు 88. అయితే ఈ సగటు ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లది మాత్రమే. నాలాంటివాళ్లు అసలు లెక్కలోకే రారు. ఆ 88ని మేమే పాడుచేశామన్న అపవాదు మాకు లేదు.

"దాన్ని డబ్బుగా ఎందుకు చూస్తావు, గౌరవంగా చూడు" అని నచ్చజెప్పాను. ప్రభుత్వం చూడటం లేదూ? అంగన్‌వాడీ కార్యకర్తకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2018లో కేంద్రం దాన్ని నెలకి 3,000 రూపాయల నుంచి 4,500 చేసింది, రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. ఆశా కార్యకర్త అయితే ఉద్యోగి కూడా కాదు, వాలంటీరు. పనికింత అని ప్రోత్సాహకం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకి పురస్కారం ఇచ్చింది, ఇంకా పీఎఫ్ కూడా కావాలంటే ఎలా? కాన్పు కేసుని తీసుకొచ్చి, అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో చెక్కబల్ల మీద చెంగు కప్పుకుని కునుకు తీసే మనిషికి గౌరవాన్ని మించిన దిండు ఏముంటుంది?

మా ఆవిడ వాదించలేదు. నా పెన్ను లాక్కుని ప్రకటన అడుగున 'డి భాగం' అని రాసింది. పొద్దున పాలు కాచడం దగ్గర నుంచి రాత్రి గిన్నెలు తోమడం దాకా ఒక్కో పని పక్కన నిమిషాలు వేసుకుంటూ పోయింది. చోటు చాలక కాగితం వెనక్కి తిప్పింది. అదీ చాలక ఇంకో కాగితం అడిగింది.

ఇచ్చాను. సవరించిన అంచనాల్లో ఆ కాగితం ఖరీదు కూడా ఎ భాగంలో చూపించాను.