నివేదికను చదవని భూమి

ఓపెన్‌కాస్ట్ (పైనుంచి గొయ్యిలా తవ్వే) బొగ్గు గనుల మీద వినిపించే ఫిర్యాదులన్నీ ఏకపక్షమైనవి. దుమ్ము లేస్తోందనీ, బావులు ఎండిపోతున్నాయనీ, మట్టి గుట్టలు జారుతున్నాయనీ గనిని నిందించేవారు, ఆ గనికి పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అనే ఉద్గ్రంథం ఒకటి ఉందనీ, అందులో ప్రతి సమస్యకూ ‘ప్రభావం స్వల్పం, తాత్కాలికం’ అనే పరిష్కారం ముందే రాసిపెట్టి ఉందనీ మరచిపోతారు. నివేదికలో ఏ లోపమూ లేదు. రంగుల పటాలున్నాయి, అనుబంధాలున్నాయి, ప్రతి పుట కిందా సంతకముంది. లోపమల్లా భూమిది, అది నివేదికను చదవలేదు.

మొదటి ముద్దాయిలు రాతి పొరలు. మన గనుల్లో ఎక్కువగా దొరికే గోండ్వానా బొగ్గు చాలావరకు పెర్మియన్ యుగంలో, అంటే సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట, చిత్తడి అడవులు పూడిపోగా ఏర్పడింది. ఇంత వయసు మీద పడ్డాకైనా పొరలకు కాస్త పెద్దరికం రావాలి కదా! పటంలో బొగ్గు పొరను ఒకే మందంతో తిన్నని గీతలా గీసి ఉంటే, అది లోపల భ్రంశం (పొరలు విరిగి పక్కకు జరిగిన చోటు) దగ్గర పుటుక్కున తెగి పదుల మీటర్ల కిందికి దిగిపోతుంది. మరోచోట రెండుగా చీలి మధ్యలో షేల్ రాయిని కూర్చోబెడుతుంది. రెండు బోరు రంధ్రాల నడుమ ఏముందో పటం గీసినవారికి స్పష్టంగా తెలుసు, తెలియనిది భూమికే. ఇక బెంచీలను, అంటే గని గోడల మెట్లను, ఎంత కోణంలో కోయాలో లెక్క కట్టి కోస్తే, ఆ కోతకు వెనకాల గని వైపే వాలి ఉన్న పలుచని బంకమట్టి పొర వానాకాలంలో నాని, తన మీదున్న కొండంత బరువును కిందికి జారవిడుస్తుంది. ఇది అవిధేయత కాక మరేమిటి?

తవ్వి తీసిన రాయి ప్రవర్తన మరీ విడ్డూరం. టన్ను బొగ్గు కోసం ఐదు ఘనపు మీటర్ల రాయిని పేల్చి ఎత్తారనుకుందాం. ముక్కలైన రాయి మధ్య సందులు చేరి, అది సుమారు 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బి ఆరు ఘనపు మీటర్లు దాటుతుంది. బొగ్గు ఖాళీ చేసిన జాగా ముప్పావు ఘనపు మీటరైనా ఉండదు. కనుక పుట్టిన చోటికే తిరిగి వెళ్లమన్నా ఆ రాయి పట్టదు. పైగా గని మొదలైన తొలి ఏళ్లలో తిరిగి పోయడానికి గొయ్యే ఉండదు కాబట్టి, ఓబీ డంపు (బొగ్గు మీది నుంచి తీసిన రాయీ మట్టీ పోసే కుప్ప) గని బయట గుట్టగా లేచి తీరుతుంది. ఆ గుట్ట మీద తొందరగా ఎదిగే మొక్కలు నాటి ఫొటోలు తీయించారు. అయినా వాన పడితే మట్టి కిందికే నడుస్తుంది. వేరుగా కుప్ప పోసి కాపాడిన మేలిమట్టి మరో మొండిఘటం. ఆ కుప్ప ఏళ్ల తరబడి పడి ఉంటే లోపల గాలి అందక సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అంగుళం మేలిమట్టి తయారు కావడానికి కొన్ని వందల ఏళ్లు పట్టవచ్చు. నివేదికలో మాత్రం దానికి ‘నిల్వ’ అని ఒక గడి కేటాయించి ఉంది, నిల్వ చేశారు, గడి నిండింది.

అన్నింటికన్నా పెద్ద నేరస్తురాలు నీరు. గొయ్యి అడుగున సంపులో చేరిన నీటిని పంపులు రాత్రింబవళ్లు తోడుతుంటే చుట్టుపక్కల భూగర్భ జలమట్టం గరాటు ఆకారంలో గొయ్యి వైపు కుంగుతుంది. ప్రభావ ప్రాంతమంటూ నివేదిక వృత్తలేఖినితో చక్కని వలయం గీసింది. నీరు ఆ గీత దగ్గర ఆగి అనుమతి అడగాల్సింది పోయి, ఇసుకరాతి పొరలు ఎటు దారి ఇస్తే అటు నుంచి వచ్చేస్తోంది. అది చాలనట్టు, బొగ్గులోనూ షేల్‌లోనూ ఉండే పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజంతో, గాలితో కుమ్మక్కై సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారు చేస్తుంది. దీనికి కొన్ని బాక్టీరియాలు తోడై పనిని వేగిరపరుస్తాయి. ఇనుము విడిపడి వాగు రాళ్లకు పసుపుఎరుపు పూత పూస్తుంది. గంధకం తక్కువగా ఉండే గోండ్వానా బొగ్గులో ఈ బెడద సాధారణంగా తక్కువేనని ఒప్పుకోవాలి. అయితే ఆ మంచితనానికి బదులుగా అది తరచు మూడో వంతుకు మించి బూడిదను మోసుకొస్తుంది.

దుమ్ము గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ట్యాంకర్లు దారి తడుపుతాయి, ఎండ ఆరబెడుతుంది, డంపర్లు లేపుతాయి. కొలిచే యంత్రాన్ని గాలికి ఎదురు వైపు పెట్టాక కూడా గాలి దిశ మార్చుకుంటే దానికి యంత్రం బాధ్యత వహించదు.

చివరికి బొగ్గు సైతం విశ్వాసఘాతుకమే. దాన్ని మండించడానికి బాయిలరు ఉండగా, గాలి తగలగానే తనంత తాను వేడెక్కి అంటుకోవడం క్రమశిక్షణారాహిత్యం. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో 1916లో తొలిసారి గుర్తించిన మంటలు నూరేళ్లు దాటినా పూర్తిగా ఆరలేదు. ఆస్ట్రేలియాలోని హేజిల్‌వుడ్ గనిలో 2014 ఫిబ్రవరిలో, తవ్వకం ముగిశాక కప్పకుండా వదిలేసిన బొగ్గు వాలుల మీద కార్చిచ్చు రవ్వలు పడి 45 రోజులు మండాయి. కప్పి ఉంటే బాగుండేదని తర్వాత అన్నారు. బొగ్గు ఆ మాట ముందే అనవచ్చు కదా.

గని మూతబడ్డాక ఏమవుతుందన్న బెంగ అక్కర్లేదు. మిగిలిన గొయ్యిని సరస్సు చేస్తారు. జర్మనీలోని హాంబాఖ్ గోతిని రైన్ నది నీటితో నింపాలన్నది ప్రణాళిక. గొట్టాలు వేసి పోసినా సుమారు 40 ఏళ్లు పడుతుందని అంచనా. నదుల నుంచి గొట్టాలు వేయలేని గనులకు వానలే దిక్కు. తవ్వినన్నాళ్లు వద్దన్నా వచ్చిన నీరు, రమ్మన్నప్పుడు ఇలా నింపాదిగా వస్తుంది. అయినా నివేదికలో జలక్రీడలకు, పడవ షికారుకు చోటు ఉంది కాబట్టి, ఈత శిక్షకుడి ఉద్యోగానికి ఇప్పుడే ప్రకటన ఇవ్వడం సముచితం. అర్హుడైన అభ్యర్థి ఇంకా పుట్టి ఉండకపోవచ్చు గనుక, కనీస వయసు నిబంధనను ఒక్కసారికి సడలించాలి.