బిళ్ళగన్నేరును కుండీలోనే ఉండనివ్వండి

‘వేసవి తోటకు అయిదు అద్భుత మొక్కలు’ అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. పంపేవాళ్ళంతా కావలసినవాళ్ళే, గ్రూపులో తిట్టలేను. అందుకే ఇలా.

కాగితం పూలు ఒకే చెట్టుకు రెండు రంగుల్లో కావాలంటే అంటు కట్టాలట. అక్కర్లేదు. మేరీ పామర్ రకం తెలుపు, ముదురు గులాబీ రెండూ తనంతట తనే పూస్తుంది. దానికి యూరియా దండిగా వేయమన్నారు. వేస్తే వచ్చేది పూత కాదు, ఆకు.

టేబుల్ రోజాను నీడలో పెట్టాలట. పెట్టండి, మొగ్గలు చూసుకుంటూ కూర్చోవచ్చు. ఎడారి గులాబీకి పూటపూటా నీళ్ళట. ఆ లావుపాటి మొదలు ఉన్నదే నీళ్ళు దాచుకోవడానికి, రోజూ పోస్తే కుళ్ళుతుంది.

ఇక అసలు సంగతి. ‘పరగడుపున పది బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే షుగర్ మాయం, మాత్రలు మానేయొచ్చు.’ ఈ ఒక్క వాక్యం లేకపోతే మిగతావి నవ్వి వదిలేసేవాణ్ణి. ఈ నమ్మకం పాతదే, పరీక్షించి చూసినవాళ్ళూ ఉన్నారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ ఆకుల సారాన్ని ఎలుకలకు ఇచ్చారు. నోటి ద్వారా ఇస్తే షుగర్ తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్ సోకి ఎలుకలు చచ్చిపోయాయి. అలా బయటపడిందే విన్‌బ్లాస్టిన్, క్యాన్సర్ మందు. విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కదే. డాక్టర్లు రక్తపరీక్షలు చూసుకుంటూ కొలిచి ఎక్కించే మందులవి. మన మెసేజ్ వైద్యుడికి కొలతంటే పది ఆకులు! పెద్దాకులా చిన్నాకులా అని కూడా చెప్పలేదు మహానుభావుడు. పైగా మాత్రలు మానేయమని సలహా. మానేశాక షుగర్ ఎంతకు పోతుందో ఆయన వచ్చి చూస్తాడా?

మొక్కగా మాత్రం బిళ్ళగన్నేరుకు వంక పెట్టలేం. మండుటెండలో అంత నిండుగా పూసేవి తక్కువ. నీళ్ళు నిలిస్తే కుళ్ళు తెగులు వస్తుంది, దాన్ని తట్టుకునేలా తయారుచేసినవే కోరా రకాలు.

మిగిలింది, మిట్టమధ్యాహ్నం నీటిబొట్లు భూతద్దాల్లా ఆకుల్ని కాల్చేస్తాయన్న మాట. ఇది శుద్ధ అబద్ధమని కొట్టేద్దామంటే కుదరడం లేదు. 2010లో హంగేరీ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల ప్రకారం, నున్నటి ఆకుల మీద బొట్లు కాల్చవు. నీటిని అంటనివ్వని నూగు ఉన్న ఆకుల మీద బొట్టు పైకి నిలబడుతుంది కాబట్టి అక్కడ కాలే అవకాశం ఉంది. సగం మార్కులు వేస్తున్నాను.