పుస్తకంలో ఆగిపోయిన సవరలు

మతం మారిన గిరిజనులను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలన్న డిమాండు కొన్నేళ్లుగా మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. 1960ల చివర్లో గిరిజన ఎంపీ కార్తీక్ ఒరావ్ పార్లమెంటులో లేవనెత్తిన వాదనే ఇది. సవర తెగ ఎక్కువగా ఉండే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల వాళ్లకు ఈ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇందులో రాజకీయం ఎంతుందో అందరూ మాట్లాడుతున్నారు. 'వీళ్లు ఇంకా గిరిజనులేనా' అని తేల్చడానికి కొలబద్దగా పెట్టుకున్న వర్ణన ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని మాత్రం ఎవరూ అడగడం లేదు. బయటి పండితులు రాశారు, ఇంగ్లీషులో రాశారు, చాలావరకు దశాబ్దాల కిందట రాశారు. ఆ రాతను ఆ జనం ముందు వాళ్ల భాషలో పెట్టి, వాళ్ల జవాబు వినేదాకా ఏ జాబితా జోలికీ వెళ్లే హక్కు ఎవరికీ లేదు.

ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. ఎస్సీ హోదాకు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దాన్ని హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. అందుకే మా కొండల్లో ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చునే సవర (ఎస్టీ), పాణో (ఎస్సీ) కుటుంబాల్లో ఒకరి సర్టిఫికెట్ నిలుస్తుంది, రెండోవారిది పోతుంది. ఈ అన్యాయం మీద వేరే వ్యాసం రాయాలి. ఇక్కడ ముఖ్యమైంది 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు గానీ, ఆ మనిషి తెగ ఆచారాలను ఇంకా పాటిస్తున్నాడా లేదా అన్నది విచారించి తేల్చాలంది. మరి తెగ ఆచారాలేమిటో తెలుసుకోవడానికి అధికారి ఎక్కడికి వెళతాడు? పుస్తకం దగ్గరికి, లేదంటే పుస్తకాలు చూసి రాసిన నివేదిక దగ్గరికి.

జాబితాలో కొత్తగా చేర్చాలన్నా అంతే. 1965లో లోకూర్ కమిటీ చెప్పిన ఐదు లక్షణాలే నేటికీ ప్రమాణం: ఆదిమ లక్షణాలు, విలక్షణ సంస్కృతి, భౌగోళికంగా దూరంగా ఉండటం, బయటివారితో కలవడానికి జంకు, వెనుకబాటు. గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదువుకునే సవర అమ్మాయి ఏ జంకు చూపించాలి? ఆదిమ లక్షణాన్ని ఏ కాగితంతో రుజువు చేయాలి?

సవరల మీద రాసిన వాటిలో పెద్ద పుస్తకం మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్‌ది. 1940ల్లో గంజాం, కొరాపుట్ కొండల్లో తిరిగి రాసిన ఆ గ్రంథం 1955లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. పాతాళలోకంలో భర్త ఉన్న కురన్‌బోయ్‌లు అనే పూజారిణులు, రోగానికి కారణమైన సోనుమ్‌లు అనే ఆత్మలు, గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు, అన్నీ అందులో ఉన్నాయి. ఎంతో ఓపికతో, ప్రేమతో చేసిన పని. దానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ పుస్తకంలో ఉన్నది ఎనభై ఏళ్ల కిందటి కొండ. పియర్స్ విటెబ్‌స్కీ అనే మరో పండితుడు 1970ల నుంచి ఇక్కడి ఊళ్లకు వచ్చి, సవర నేర్చుకుని, 1993లో ఒక పుస్తకం వెలువరించాడు. పూనకంలో ఉన్న కురన్ (పూజారి) నోట చనిపోయినవాళ్లు మాట్లాడితే బతికున్నవాళ్లు వాళ్లతో గొడవపడటం, ఏడవటం, రాజీపడటం, అదంతా మనసుకు హత్తుకునేలా రాశాడు. తర్వాత ఏం జరిగింది? అవే ఊళ్ల పిల్లలు పెద్దయ్యి బాప్టిస్టు క్రైస్తవులయ్యారు. చనిపోయినవాళ్లతో మాట్లాడటం మానేశారు. విటెబ్‌స్కీ దాన్ని దాచలేదు. 2017లో రెండో పుస్తకం రాసి, పోయిందేమిటో, వచ్చిందేమిటో ఆ జనం మధ్య నిలబడి చెప్పాడు. ఒక పండితుడు తన పాత వర్ణన చెల్లకపోవడాన్ని గుర్తించి మళ్లీ రాయగలిగాడు. మన ప్రభుత్వ ప్రమాణం మాత్రం 1965 దగ్గరే ఆగిపోయింది.

అసలు సవరల్లో 'అసలు సవర' ఎవరో చెప్పండి చూద్దాం. 1936లో మాంగే గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని తెచ్చాడు. ఆ అక్షరాలనే దేవతలుగా కొలిచే మతం దాని చుట్టూ పుట్టింది. 2012లో ఆ లిపి యూనికోడ్‌లోకీ ఎక్కింది. చర్చి వాళ్లు రోమన్ లిపిలో సవర రాస్తారు. ఆంధ్రాలో సీతంపేట వైపు సవర పాఠాలు తెలుగు లిపిలో ఉంటాయి, ఇటువైపు ఒడియా లిపిలో ఉంటాయి. భాష ఒకటే, లిపులు నాలుగు, మతాలు అంతకన్నా ఎక్కువ. లిపిని కొలిచేవాడు 1955 పుస్తకంలోని సవరలా లేడు, ప్రార్థనకు వెళ్లేవాడూ అలా లేడు. అయినా తీసేయాలంటున్నది రెండోవాణ్నే. అలాంటప్పుడు ఈ కొలత ఆచారం కోసమా, మతం కోసమా?

పుస్తకాలకు జాబితాల పాపం అంటగట్టకూడదని కొందరు మిత్రులంటారు. చట్టం రాసింది ఎల్విన్ కాదు, ఆయన రాయకపోతే ఆ పూజల ఆనవాళ్లే మిగిలేవి కావు అంటారు. రెండూ నిజమే. అందుకే నేను పుస్తకాన్ని పక్కన పెట్టమనడం లేదు, దాన్ని ఊరికి తెమ్మంటున్నాను.

జాబితాలో చేర్చడం ఆలస్యం అయితే ఏమవుతుందో మన తెలుగువాళ్లకే బాగా తెలియాలి. ముఖదొరలు, నూకదొరలు, కొండరెడ్లు ఆంధ్రాలో ఎప్పటినుంచో ఎస్టీలు. ముఖదొర కుటుంబం సాలూరు దాటి కొరాపుట్ వైపు ఉంటే హోదా ఉండేది కాదు. వాళ్లు ఒడిశా జాబితాలో చేరింది 2024లో పార్లమెంటు చేసిన సవరణతోనే. అదే రక్తం, అదే ఇంటిపేరు. మధ్యలో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు స్కాలర్‌షిప్ లేకుండా స్కూలు దాటిపోయారో ఏ పరిశోధనా రాయదు. రాష్ట్రం సిఫారసు, రిజిస్ట్రార్ జనరల్ అభిప్రాయం, ఎస్టీ కమిషన్ అంగీకారం, ఆపైన పార్లమెంటు. ఇన్ని మెట్లలో ఒక్క మెట్టు మీదైనా ఆ ఊరివాళ్లు తమ గురించి రాసింది చదివి 'ఇది తప్పు' అనే ఏర్పాటు లేదు.

పర్లాకిమిడిలో కూర్చుని ఈ మాట రాస్తుంటే గిడుగు రామమూర్తి గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు! ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసి వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలిస్తాం. ఆయన జీవితంలో సగం సవరలది. ఈ ఊళ్లోనే టీచరుగా ఉండి సవర నేర్చుకున్నాడు, సవర పిల్లలకు వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడి నడిపాడు. ఆ తర్వాతే 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ముందు జనానికి వాచకం, తర్వాత పండితులకు గ్రంథం. ఆ వరసను తర్వాతి వాళ్లు తిరగేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయాడు. ఆయనతోపాటు తెలుగువాళ్లకు సవరల మీదున్న శ్రద్ధ కూడా వెళ్లిపోయినట్టుంది. తెలుగు విశ్వవిద్యాలయాలు గిడుగు పేరిట పెట్టే సభల ఖర్చులో కొంత తీసి విటెబ్‌స్కీ రెండో పుస్తకాన్ని సవరలోకి, తెలుగులోకి తెస్తే అంతకుమించిన జయంతి ఇంకేముంటుంది?

చట్టంలో దీనికి దారి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం తమ సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి తాలూకా, గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతంలోనే ఉన్నాయి. ఒక తెగను చేర్చాలన్నా తీసేయాలన్నా, ఢిల్లీకి వెళ్లే నివేదికను ముందు ఈ బ్లాకుల గ్రామసభల్లో సవరలో చదివి వినిపించాలి. సభ ఏమందో అదే ఫైలులో జతచేయాలి. ఆ పేజీ లేని ఫైలును ఎస్టీ కమిషన్ వెనక్కి పంపాలి.