పంప్ శబ్దం వినపడకపోతే పంప్ పోయినట్టు కాదు: పాత పికప్‌ల గురించి తిరుగుతున్న ఒక సలహాకు ఖండన

పాత పెట్రోల్ పికప్ ట్రక్కులు నడిపేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "సెల్ఫ్ తిరుగుతోంది కానీ బండి స్టార్ట్ కావడం లేదా? తాళం ఆన్ చేసి ట్యాంక్ దగ్గర చెవి పెట్టండి. శబ్దం లేకపోతే ఫ్యూయల్ పంప్ పోయినట్టే, ఉంటే బాగున్నట్టే. అనుమానంగా ఉంటే ట్యాంక్ మీద సుత్తితో రెండు దెబ్బలు వేయండి, స్టార్ట్ అయితే పంప్ మార్చాల్సిందే. కొత్తది ఎక్కువ ప్రెషర్ ఇచ్చేది కొంటే ఇంజిన్ ఇంకా బాగా లాగుతుంది. ట్యాంక్ దించే శ్రమ పడకండి, వెనక సామాను వేసే తొట్టి నేలను గ్రైండర్‌తో కోస్తే పంప్ పైనుంచే చేతికి అందుతుంది."

దీన్ని నమ్మి బాగున్న పంప్‌ను పీకి పారేసినవాళ్లు ఉన్నారు. కొత్త పంప్ వేసినా బండి కదలక తల పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. చివరి మాట ప్రాణాల మీదికి తెచ్చేది కాబట్టి, వరుస తప్పించి దానితోనే మొదలుపెడతాను.

"తొట్టి నేల కోసి పంప్ మార్చొచ్చు." దయచేసి ఆ పని చేయకండి. పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా నిప్పు అంటుకోగలిగినంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువైనది కాబట్టి పైకి పోదు, ట్యాంక్ చుట్టూ, ఛాసిస్ మధ్య, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. "ట్యాంక్ ఖాళీ చేశాం కదా, ఇంకేం భయం" అంటారు కొందరు. నిండా పెట్రోల్ ఉన్న ట్యాంక్‌లో ఆవిరికి చోటే ఉండదు. ఖాళీ ట్యాంక్‌లో ఉండేదంతా ఆవిరి, గాలి. కాబట్టి ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. పాత బండిలో పంప్ మూత కింద రబ్బరు రింగ్ ఎండిపోయి, ఆ పక్కనే ఉన్న పైపులు తుప్పుపట్టి ఉంటాయి. అంటే మీరు కోసే చోటికి సరిగ్గా కిందే ఆవిరి బయటికి వస్తూ ఉండొచ్చు, గ్రైండర్ నిప్పురవ్వలు పడేదీ అక్కడే. వైర్లు, పెట్రోల్ పైపులు కూడా ఆ రేకుకు దగ్గరగానే పోతుంటాయి, బ్లేడ్ కాస్త లోపలికి దిగితే వాటికి తగులుతుంది. "చాలామంది చేశారు, ఏమీ కాలేదు" అన్నది నా దృష్టిలో వాదన కాదు. పంప్‌ను తేలిగ్గా అందుకునే దారి వేరే ఉంది, అది కిందికి వచ్చాక చెబుతాను.

"శబ్దం లేకపోతే పంప్ పోయినట్టే." ఎక్కువమంది నమ్మేది దీన్నే. ముందు మీ బండిలో ఏ రకం పంప్ ఉందో చూడండి. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే పాతకాలం భాగం) ఉన్న పాత బండ్లలో చాలావాటికి పంప్ ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, ఇంజిన్‌తో పాటు తిరిగే క్యామ్‌షాఫ్ట్ దాన్ని తొక్కి నడిపిస్తుంది. తాళం ఆన్ చేసి ఎంతసేపు చెవి పెట్టినా దాని శబ్దం రాదు. కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి కరెంటు పంప్ ట్యాంక్ లోపల ఉంటుంది. తాళం ఆన్ చేయగానే కంప్యూటర్ దాన్ని సుమారు 2 సెకన్లు తిప్పి ఆపేస్తుంది. ఇంజిన్ తిరుగుతున్న సంకేతం అందాకే మళ్లీ తిప్పుతుంది. మీరు తాళం తిప్పి, దిగి, వెనక్కి నడిచేసరికి ఆ 2 సెకన్లు అయిపోతాయి. ఒకరు తాళం దగ్గర, ఒకరు ట్యాంక్ దగ్గర ఉంటేనే ఆ పరీక్షకు అర్థం.

సరే, ఇద్దరు ఉన్నా శబ్దం రాలేదనుకుందాం. అప్పుడు తేలేది మోటార్ తిరగడం లేదని మాత్రమే. ఎందుకు తిరగడం లేదన్నది ఇంకా తేలాలి. బ్యాటరీ నుంచి పంప్ దాకా దారిలో ఫ్యూజ్ ఉంది, పంప్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటి రిలే ఉంది, కనెక్టర్లు ఉన్నాయి, చివర ఎర్త్ వైరు ఉంది. ఇంజెక్షన్ ఉన్న చాలా ఫోర్డ్ పికప్‌లలో, గుద్దుకున్నప్పుడు పంప్‌ను ఆపే ఇనర్షియా స్విచ్ ప్రయాణికుడి కాళ్ల దగ్గర ఉంటుంది. గట్టి కుదుపుకు కూడా అది పైకి లేవొచ్చు, బటన్ నొక్కితే మళ్లీ కలుస్తుంది. పాత జీఎం (జనరల్ మోటార్స్) ఇంజెక్షన్ ట్రక్కుల్లో ఇంకో విషయం ఉంది. అక్కడ పంప్‌కు కరెంటు రిలే ద్వారానే కాక ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా కూడా అందుతుంది. రిలే పోయినా, సెల్ఫ్ చాలాసేపు కొడితే ఆయిల్ ప్రెషర్ పెరిగి ఆ స్విచ్ కలుస్తుంది, బండి స్టార్ట్ అవుతుంది. తాళం ఆన్ చేస్తే శబ్దం రాదు, సెల్ఫ్ ఎక్కువసేపు కొడితే తప్ప అందుకోదు. పై సలహా ప్రకారం ఇది పంప్ చావడమే. నిజానికి పోయింది చవకైన రిలే. రెండు ట్యాంకుల బండి అయితే ఇంకా సులువు. రెండో ట్యాంక్‌కు మార్చగానే బండి నడిస్తే ఉమ్మడి ఫ్యూజ్, రిలే బాగున్నట్టే. ఇక మొదటి ట్యాంక్ వైపు మాత్రమే చూడాలి.

దీన్ని తేల్చడానికి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ కావాలి, వాడే పద్ధతి కూడా తెలియాలి. చాలామంది పంప్ కనెక్టర్ ఊడదీసి, వైరు చివర 12 వోల్టులు కనిపించగానే "కరెంటు వస్తోంది, పంపే పోయింది" అని తేల్చేస్తారు. ఊడదీసిన వైరులో కరెంటు ప్రవహించదు. లోపల ఒక్క పోగు మిగిలిన కుళ్లిన వైరు కూడా మీటర్ మీద 12 చూపిస్తుంది. కనెక్టర్ పెట్టే ఉంచి, వెనక నుంచి సూది మొన తాకించి, పంప్‌కు కరెంటు అందే క్షణంలో కొలవాలి. బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీకీ పంప్ దగ్గర ఉన్నదానికీ తేడా అర వోల్టుకు మించి ఉంటే వైరింగ్‌ను అనుమానించండి. తర్వాత మీటర్ ఒక మొన పంప్ ఎర్త్ వైరుకు, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి మళ్లీ కొలవండి. అక్కడ దాదాపు సున్నా రావాలి. పాత పికప్‌లో ఈ ఎర్త్ వైరు ఛాసిస్‌కు బోల్టుతో బిగించి ఉంటుంది, ఏళ్ల తరబడి బురద, నీళ్లు పడి అక్కడ తుప్పు పేరుకుంటుంది. అన్నిటికన్నా ముందు ఆ బోల్టు విప్పి గీకి శుభ్రం చేయమంటాను.

రిలే సాకెట్ దగ్గర ఆంపియర్లు కొలిస్తే ఇంకాస్త తెలుస్తుంది. ఇలాంటి పంప్‌లు మామూలుగా 4 నుంచి 8 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. బాగా తక్కువ ఉంటే వైరులో అడ్డు గానీ, మోటార్ బ్రష్‌లు అరగడం గానీ కారణం కావొచ్చు. బాగా ఎక్కువ ఉంటే పంప్ బిగుసుకుంటోంది, లేదా మూసుకుపోయిన ఫిల్టర్‌లోంచి పెట్రోల్‌ను తోయలేక అవస్థ పడుతోంది. వోల్టేజీ, ఎర్త్ రెండూ సరిగా ఉండి మోటార్ తిరగకపోతే, అప్పుడు పంప్ పోయిందని నమ్మకంగా చెప్పొచ్చు.

"శబ్దం వస్తే పంప్ బాగున్నట్టే." మోటార్ తిరగడం వేరు, ప్రెషర్ ఇవ్వడం వేరు. పంప్‌ను పైపుకు కలిపే చిన్న హోస్ ట్యాంక్ లోపల చిట్లితే మోటార్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ మాత్రం తిరిగి ట్యాంక్‌లోనే పడుతుంది. అడుగున ఉండే జాలి మూసుకుపోయినా, పంప్ లోపలి భాగాలు అరిగినా అంతే. ప్రెషర్ గేజ్ పెట్టకుండా ఇది తెలిసే దారి లేదు. ఎంత రావాలన్నది బండిని బట్టి మారుతుంది. కార్బురేటర్‌కు 4 నుంచి 7 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చాలు. ఇంజిన్ గాలి మూతి దగ్గరే పెట్రోల్ చిమ్మే జీఎం థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌కు 9 నుంచి 13. ఒక్కో సిలిండర్‌కు విడిగా ఇంజెక్టర్ ఉండే పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి 35 నుంచి 45. 1996 నుంచి కొన్నేళ్లు వచ్చిన జీఎం వోర్టెక్ ఇంజిన్ల వీ6, వీ8 పికప్‌లకు 60 పైన ఉండాలి, అక్కడ కొద్దిగా తగ్గినా ఇంజిన్ మొండికేస్తుంది. ఇంకో బండిలో 45 బ్రహ్మాండమైన అంకె కావొచ్చు, వోర్టెక్‌లో అదే అంకె స్టార్ట్ కాకపోవడానికి కారణం. మీ మోడల్, సంవత్సరం చూసి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పట్టుకోండి.

గేజ్ మీద సరైన అంకె వచ్చినంత మాత్రాన కూడా తేల్చేయకండి. నిలబడి ఉన్న బండిలో ఇంజిన్ తాగేది చాలా తక్కువ, నీరసించిన పంప్ కూడా అంత ఇవ్వగలదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు దాని బండారం బయటపడుతుంది. అందుకే ఎంత పెట్రోల్ వస్తోందో కూడా కొలవాలి. తగిన డబ్బాలోకి 30 సెకన్లు వదిలితే సుమారు అర లీటరు రావాలన్నది చాలా పాత ఇంజెక్షన్ బండ్లకు వాడే కొలత. తక్కువ వస్తే ముందు ఫిల్టర్ మార్చి మళ్లీ కొలవండి. పోర్ట్ ఇంజెక్షన్ బండిలో ఇంజిన్ ఆపాక ప్రెషర్ వెంటనే పడిపోతుంటే, పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంప్‌లోని చెక్ వాల్వ్, ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్, కారుతున్న ఇంజెక్టర్, ఈ మూడింటిలో ఒకటి. రెగ్యులేటర్‌కు వెళ్లే వాక్యూమ్ హోస్ పీకి చూడండి. అందులో పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ లోపలి పొర చిరిగింది, పంప్‌ను తిట్టాల్సిన పని లేదు.

"సుత్తి దెబ్బకు స్టార్ట్ అయితే పంప్ మార్చాల్సిందే." ఇందులో కొంత నిజం ఉంది. మోటార్ బ్రష్‌లు అరిగి ఒక చోట ఆగిపోతే, అదురుకు అది కాస్త జరిగి మళ్లీ తిరుగుతుంది. దారి మధ్యలో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి నేనూ ఆ పని చేయమంటాను, రబ్బరు సుత్తితో, మెల్లగా. అయితే అదే అదురుకు ట్యాంక్ మీది వదులైన కనెక్టర్ కూడా కదిలి కలుస్తుంది. రెండింటికీ ఫలితం ఒకటే, బండి స్టార్ట్ అవుతుంది. కాబట్టి మళ్లీ ఆగిపోయినప్పుడు సుత్తి కన్నా ముందు మీటర్ పెట్టండి.

"ఎక్కువ ప్రెషర్ పంప్ వేస్తే బాగా లాగుతుంది." లాగదు. ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరవాలో కంప్యూటర్ లెక్కవేసేది ప్రెషర్ ఇంత ఉంటుందని నమ్మి. రెగ్యులేటర్ అదుపు చేయలేక ఆ ప్రెషర్ రెట్టింపు అయితే ఇంజెక్టర్ నుంచి సుమారు 41 శాతం ఎక్కువ పెట్రోల్ వస్తుంది. నల్ల పొగ, నల్లబడిన ప్లగ్గులు తప్ప శక్తి పెరగదు. కార్బురేటర్‌లో అయితే పెట్రోల్ నిండగానే దారి మూసే ఫ్లోట్ సూది ఆ తోపుకు ఆగలేక పెట్రోల్ పొంగిపోతుంది, వేడి ఇంజిన్ మీద అది నిప్పుకు దారి.

ఇక పరీక్షలన్నీ పంప్ వైపే చూపించాయనుకుందాం. గ్రైండర్ అక్కర్లేని దారి ఇది. చాలా పికప్‌లలో వెనక తొట్టి ఛాసిస్‌కు 6 లేదా 8 బోల్టులతో కూర్చుని ఉంటుంది. ముందు రోజే వాటికి తుప్పు వదిలించే ఆయిల్ పట్టించండి. పెట్రోల్ పోసే మూతి స్క్రూలు, వెనక లైట్ల కనెక్టర్, ఎర్త్ పట్టీ విప్పి, నలుగురు పట్టుకుని తొట్టిని వెనక్కి జరిపితే పంప్ మూత పైనుంచే కనిపిస్తుంది. ఒక్కరే ఉంటే ట్యాంక్ దించడమే మార్గం. పెట్రోల్ లీటరుకు ముప్పావు కిలో దాకా తూగుతుంది, 70 లీటర్లంటే 50 కిలోల పైమాటే, అందుకే ముందు ఖాళీ చేయండి. ఆరుబయట, మంట గానీ హీటర్ గానీ దగ్గర లేకుండా, పెట్రోల్ మంటలకు పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టండి. ఇంజెక్షన్ బండి ఇంకా స్టార్ట్ అవుతుంటే, పంప్ ఫ్యూజ్ పీకి ఆగిపోయేదాకా నడపండి, లైనులో ప్రెషర్ దిగిపోతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

మూత చుట్టూ మట్టిని బాగా తుడవకుండా పంప్ మూతను పట్టి ఉంచే లాక్ రింగ్ కదిలించొద్దు, ఆ మట్టంతా ట్యాంక్‌లో పడుతుంది. రింగ్‌ను ఇత్తడి ముక్కతో తట్టి తిప్పండి. ఇనుముతో నిప్పురవ్వ వస్తుంది. పంప్ బయటికి తీశాక ట్యాంక్ అడుగున లైటు వేసి చూడండి, ఆ లైటు నిప్పురవ్వ రాని రకమై ఉండాలి. తుప్పు, మడ్డి కనిపిస్తే ట్యాంక్ కడగాలి, లేదా మార్చాలి. లేకపోతే కొత్త పంప్ కూడా అదే మడ్డి మింగుతుంది. జాలి, మూత కింది రబ్బరు రింగ్, ఫిల్టర్ మూడూ కొత్తవి వేయండి. పాత కనెక్టర్ నల్లబడి కరిగినట్టుంటే అదీ మార్చాలి. లోపల వేసే హోస్ విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఇంజిన్ దగ్గర వాడే మామూలు పెట్రోల్ హోస్ బయటినుంచి పెట్రోల్ తగలడానికి తయారైంది కాదు, ట్యాంక్‌లో మునిగితే ఉబ్బి చిట్లుతుంది. ఎస్‌ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉన్నదే మునిగి ఉండటానికి పనికొస్తుంది.

బిగించాక కొంచెం ఎక్కువ పెట్రోల్ పోయండి. పంప్‌ను చల్లబరిచేది అందులోంచి పారే పెట్రోలే. తాళం ఆన్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ లైను నింపండి, గేజ్ మీద మాన్యువల్ అంకె వచ్చిందో లేదో చూడండి, పంప్ దగ్గర వోల్టేజీ ఇంకోసారి కొలవండి. మూత చుట్టూ, పైపు అతుకుల దగ్గర తడి లేదని తేలాకే తొట్టి బోల్టులు బిగించండి.