ఓడ డాక్టరు బడి నడిపితే ఎలా ఉంటుంది? హక్స్లీ కథలో మనం వదిలేసిన సగం

ఇంగ్లిష్ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్లీ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ పరిణామ సిద్ధాంతం మీద బిషప్ విల్బర్‌ఫోర్స్‌తో జరిగిన గొడవ. కోతి మీ తాత వైపా నానమ్మ వైపా అని బిషప్ అడిగాడని, ఈయన దిమ్మతిరిగే సమాధానం ఇచ్చాడని అందరూ చెప్పుకునేదే. ఆ రోజు ఎవరు ఏ మాట అన్నారో అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టినవాళ్లు లేరు, మనకి దొరికేవి ఎక్కువగా తర్వాత జ్ఞాపకం చేసుకుని చెప్పిన వెర్షన్లే. డార్విన్ తరఫున కొట్లాడినాయన అన్న ముద్ర మాత్రం పడిపోయింది, దాని కింద ఇంకో పెద్ద పని మరుగున పడింది. నేవీలో అసిస్టెంట్ సర్జన్‌గా మొదలైన మనిషి చివరికి సైన్స్ టీచర్లని తయారుచేసే బడికి హెడ్ అయ్యాడు. ఇంగ్లండ్‌లో సైన్స్ చెప్పే తీరు మారడంలో ఆ ఆక్స్‌ఫర్డ్ మధ్యాహ్నం కంటే ఈ పనిదే పెద్ద చెయ్యి అని నా అభిప్రాయం.

విచిత్రం ఏంటంటే ఈయన బడిలో కూర్చున్నది రెండేళ్లే. 1825లో ఈలింగ్‌లో పుట్టాడు, తండ్రి అక్కడి స్కూల్లో లెక్కల మాస్టారు, ఆ స్కూలు దిగజారడంతో కుటుంబం కూడా కష్టాల్లో పడింది. ఆ రెండేళ్లలో చూసినంత చెడ్డ సావాసం ఇంకెక్కడా చూడలేదని తర్వాత తనే రాసుకున్నాడు. జర్మన్ సొంతంగా నేర్చుకున్నాడు, దొరికిన పుస్తకమల్లా చదివాడు, లండన్‌లో రేవు పక్కన రోథర్‌హైత్‌లో ఒక డాక్టరు దగ్గర పనికి కుదిరి అక్కడి బీదల ఆకలిని దగ్గరగా చూశాడు, తర్వాత స్కాలర్‌షిప్ మీద చేరింగ్ క్రాస్ హాస్పిటల్‌కి వెళ్లాడు. 1845లో లండన్ యూనివర్సిటీ మొదటి వైద్య పరీక్షలో అనాటమీ ఫిజియాలజీల్లో గోల్డ్ మెడల్ వచ్చింది, అయినా ఫైనల్ రాయలేదు, డిగ్రీ లేదు. సర్జన్ల కాలేజీ లైసెన్స్‌కి వయసు చాలలేదు, పైగా అప్పులు. అందుకే నేవీలో చేరాడు. సముద్రం మీద ప్రేమతో వెళ్లాడని ఎవరైనా రాస్తే నమ్మకండి, జీతం కోసం వెళ్లాడు.

1846 డిసెంబర్‌లో ప్లిమత్ నుంచి బయల్దేరిన రాటిల్‌స్నేక్ అనే సర్వే ఓడలో నాలుగేళ్లు ఉన్నాడు. కెప్టెన్ ఓవెన్ స్టాన్లీ, పని ఆస్ట్రేలియా దగ్గర గ్రేట్ బారియర్ రీఫ్, న్యూగినీ దక్షిణ తీరం కొలిచి మ్యాపులు గీయడం. ఓడలో జీవులని సేకరించి పరిశీలించడానికి నాచురలిస్ట్ అని వేరే మనిషి ఉన్నాడు. హక్స్లీ హోదా అసిస్టెంట్ సర్జన్, రోగులు లేనప్పుడు దొరికే టైమే ఆయనది. ఆ టైములో పట్టుకున్నవి జెల్లీఫిష్ లాంటి మెత్తటి జీవులు. చిప్పలు పిట్టలైతే పెట్టెలో పెట్టి ఇంటికి పట్టుకెళ్లొచ్చు, జెల్లీఫిష్ అలా కాదు, కాసేపటికే పాడైపోతుంది, ఇప్పుడే చూడాలి, ఇప్పుడే కోయాలి, ఇప్పుడే బొమ్మ గీయాలి. సరిపడా పుస్తకాలు లేవు, అడగడానికి ప్రొఫెసర్ లేడు. మ్యాపులుండే ఛార్ట్‌రూమ్ షెల్ఫ్ మీద బుఫోన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పేరున్న ఫ్రెంచ్ పుస్తకం చూసి కుర్ర ఆఫీసర్లు ఈయన పట్టుకొచ్చే ప్రతి జీవికీ ‘బుఫోన్’ అని పేరు పెట్టి ఏడిపించేవాళ్లట. అక్కడి నుంచే పంపిన పేపర్‌ని 1849లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ అచ్చేసింది, జెల్లీఫిష్ ఒళ్లంతా రెండు పొరల మీద కట్టి ఉంటుందని అందులో చూపించాడు.

తిరిగొచ్చాక 1851లో రాయల్ సొసైటీ ఫెలో, మరుసటేడు రాయల్ మెడల్, అప్పటికి వయసు 27. కానీ పూట గడవాలి కదా, పరిశోధన పుస్తకంగా వేయడానికి నేవీ డబ్బివ్వలేదు, సెలవు పొడిగిస్తూ పొడిగిస్తూ చివరికి 1854లో మళ్లీ ఓడ ఎక్కమంది, ఈయన ఎక్కనన్నాడు, లిస్టులోంచి పేరు కొట్టేశారు. సిడ్నీలో నిశ్చయం చేసుకున్న హెన్రియెటా అక్కడే ఎదురుచూస్తోంది, పెళ్లి 1855 దాకా కుదరలేదు. అంటే డాక్టరు మాస్టారైంది ఏదో గొప్ప పిలుపు వినిపించి కాదు, 1854లోనే లండన్‌లో గనుల చదువు చెప్పే స్కూల్ ఆఫ్ మైన్స్‌లో ఉద్యోగం దొరికింది గనక. కొన్నాళ్లలోనే కూలీలకి, పనివాళ్లకి లెక్చర్లు ఇవ్వడం మొదలుపెట్టాడు, 1868లో సౌత్ లండన్ వర్కింగ్ మెన్స్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయి 1880 దాకా ఉన్నాడు.

నాకు ముఖ్యంగా కనిపించేది 1870, 71 సంవత్సరాలు. ప్రాథమిక విద్య కోసం ఫోర్‌స్టర్ చట్టం వచ్చి ఊరూరా స్కూల్ బోర్డులు ఏర్పడ్డప్పుడు హక్స్లీ లండన్ బోర్డుకి ఎన్నికై, పిల్లలకి ఏం చెప్పాలో తేల్చే కమిటీకి ఛైర్మన్ అయ్యాడు. చదవడం రాయడం లెక్కలతో పాటు సైన్సు, డ్రాయింగ్, పాట, వ్యాయామం ఉండాలన్నాడు. చర్చికి బద్ధశత్రువు అని పేరున్న ఈ మనిషే బడిలో బైబిల్ చదివించడానికి మాత్రం ఒప్పుకున్నాడు, మతసిద్ధాంతాలు నూరిపోయొద్దు అన్న షరతు మీద. అటువైపు వాళ్లూ ఇటువైపు వాళ్లూ నోరెళ్లబెట్టారు. ఇందులో రాజకీయం లేదనను, గొడవ తేలకపోతే బళ్లు తెరుచుకోవని ఆయనకి తెలుసు, అలాగని ఉత్త రాజీ కూడా కాదు, ఆ పుస్తకంలోని భాష, నీతి పేదపిల్లలకి దక్కాలని నిజంగానే నమ్మాడు. ఒంట్లో బాగోక 1872 మొదట్లోనే బోర్డు వదిలేశాడు.

ఇక 1871 ఎండాకాలంలో సౌత్ కెన్సింగ్టన్‌లో సైన్స్ టీచర్లకి ఒక కోర్సు పెట్టాడు, మైకేల్ ఫాస్టర్, రే లాంకెస్టర్ లాంటివాళ్లు సహాయకులు. అంతకుముందు స్కూల్ ఆఫ్ మైన్స్‌లో విద్యార్థులకి ల్యాబే లేదు, ఆయన చెప్పాలి వాళ్లు వినాలి అంతే. ఇక్కడ మాత్రం పొద్దున లెక్చర్, తర్వాత గంటల తరబడి ఆ చెప్పినదాన్నే చేత్తో పట్టుకుని చూడటం. వేల జీవుల పేర్లు బట్టీ పట్టే బదులు ఈస్ట్, అమీబా, ఫెర్న్, క్రేఫిష్, కప్ప లాంటి కొన్నింటిని ఒక్కో తెగకి నమూనాగా తీసుకుని పూర్తిగా కోసి చూడాలి. జువాలజీ ల్యాబ్‌లో కప్పని కోసినవాళ్లెవరికీ ఇది కొత్తగా అనిపించదు, ఆ పద్ధతి ఇలా వ్యాపించిందే. ఇది ఓడలో నేర్చిన పాఠమే కదా, పుస్తకం లేకపోయినా జీవి ముందుంటే చాలు అన్నది. మొదట ఈస్ట్‌తో మొదలెట్టి కప్ప దాకా వెళ్లేవాళ్లు, తర్వాత అది తిరగేసి తెలిసిన కప్ప నుంచే మొదలుపెట్టారు, 1888లో సవరించిన పాఠ్యపుస్తకం కూడా అదే వరసలో వచ్చింది. సిద్ధాంతం చక్కగా కనిపించడం కంటే కుర్రాడికి అర్థం కావడం ముఖ్యమనుకునే మాస్టారే ఇలా మార్చుకుంటాడు.

ఈయన్ని దేవుణ్ణి చేసేవాళ్లు ఒకటి దాటేస్తారు. బానిసత్వం పోవాలని, ఆడవాళ్లకి చదువు తలుపులు తెరవాలని 1865లో రాసిన వ్యాసంలోనే నల్లవాళ్లూ ఆడవాళ్లూ సగటున సమానం కాలేరని కూడా రాశాడు. కళ్లతో చూసిందే నమ్మాలి అని ఊరందరికీ చెప్పిన మనిషి ఇక్కడ కాలం చెప్పిన మాట నమ్మేశాడు.

రెండో చిక్కు పరీక్షలు. సైన్స్ చదువుకి డబ్బిచ్చే ప్రభుత్వ శాఖ సైన్స్ అండ్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అప్పట్లో ఎంతమంది పాసైతే టీచరుకి అంత డబ్బు అన్న లెక్కన నడిచేది, ఆ డిపార్ట్‌మెంట్‌కి ఏళ్ల తరబడి ఎగ్జామినర్ హక్స్లీనే. కుర్రాళ్లు పాస్ కోసం చదువుతున్నారు, పాసవుతున్నారు, వాళ్లకి ఏమీ రావట్లేదు అని బహిరంగంగా వాపోయిందీ ఆయనే. డిగ్రీ లేకుండా పైకొచ్చిన మనిషి సర్టిఫికెట్ల యంత్రాన్ని తిప్పాల్సి వచ్చింది. వేలమంది పేద పిల్లలకి సైన్స్ దక్కాలంటే ప్రభుత్వం డబ్బు కావాలి, ప్రభుత్వం డబ్బు ఇవ్వాలంటే లెక్క అడుగుతుంది, ఆ లెక్క మార్కులే. ఆయన తప్పు కంటే ఆయన చేతిలో ఉన్న పనిముట్టు తప్పు ఎక్కువ అనిపిస్తుంది నాకు, కానీ ఆయన బడిలో ఏం జరిగిందో చూస్తే అంత తేలిగ్గా వదిలేయలేం.

1881లో ఆ సౌత్ కెన్సింగ్టన్ బడికి నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్ అని పేరు పెట్టి హక్స్లీని డీన్ చేశారు, తర్వాత ఇంపీరియల్ కాలేజీలో కలిసింది అదే. 1884లో అక్కడ వారానికి ఒక గినీ (పౌండుకి కాస్త ఎక్కువ) స్టైపెండ్ మీద చేరిన కుర్రాడు, తర్వాత నవలా రచయితగా పేరు తెచ్చుకున్న హెచ్.జి. వెల్స్. మొదటి ఏడాది హక్స్లీ బయాలజీ, ఫస్ట్ క్లాస్. ఆ ఏడాదితోనే హక్స్లీ ఆరోగ్యం చెడి క్లాసులు చెప్పడం మానేశాడు. వెల్స్‌కి రెండో ఏడాది ఫిజిక్స్, మూడో ఏడాది జియాలజీ, అదే బిల్డింగ్ అదే స్టైపెండ్, ఆసక్తి చచ్చిపోయి 1887 ఫైనల్ పరీక్ష తప్పాడు. బడి పద్ధతి మీద నిలబడిందా, ఒక్క మనిషి మీద నిలబడిందా అని అడిగితే వెల్స్ మార్కులే జవాబు. తర్వాత ప్రైవేటుగా డిగ్రీ తెచ్చుకున్న వెల్స్ పొట్టకూటికి ఎంచుకున్నది పరీక్షల కోచింగ్, 1893లో వచ్చిన ఆయన మొదటి పుస్తకాల్లో ఒకటి యూనివర్సిటీ పరీక్ష రాసేవాళ్ల కోసం చేసిన బయాలజీ టెక్స్ట్‌బుక్కే, దాన్ని అచ్చేసింది ఆ కోచింగ్ సంస్థే.